పాలమూరు కార్పొరేషన్ అయింది, ఊళ్లో వ్యాపారం పెరగాలంటే ముందు ఏం చెయ్యాలి?

పాలమూరు బిడ్డ

అందరికీ నమస్తే. మన మహబూబ్‌నగర్ మున్సిపాలిటీ 2025 జనవరిలో నగరపాలక సంస్థ అయింది, దివిటిపల్లి, జైనల్లీపూర్ కూడా కలిశాయి. సంతోషమే. కానీ ఎక్కడికి పోయినా ఒకటే మాట వినపడుతోంది, గిరాకీ లేదు అని. న్యూటౌన్‌లో బట్టల షాపాయన అదే అంటాడు, మార్కెట్ దగ్గర ఉల్లిగడ్డలు అమ్మే అక్క అదే అంటుంది. పెళ్లి బట్టలకు, బంగారానికి జనం హైదరాబాద్ పోతున్నారు, ఎంతని, వంద కిలోమీటర్లే కదా. మిగతావి ఫోన్‌లో ఆర్డర్ పెడుతున్నారు. ఊళ్లో వచ్చిన జీతం, పంట డబ్బు ఊళ్లో రెండు చేతులు కూడా మారకుండానే బయటికి పోతోంది.

కొందరం కలిసి కమిషనర్ గారికి ఒక వినతిపత్రం ఇద్దామని, సోమవారం ప్రజావాణిలో కలెక్టర్ గారికి కూడా ఒక కాపీ ఇద్దామని అనుకుంటున్నాం. "ఫ్యాక్టరీలు తేవాలి, ఉపాధి కల్పించాలి" అని రెండు లైన్లు రాసిస్తే ఎవరూ చదవరు. కార్పొరేషన్ తన అధికారంతో, తన దగ్గరున్న పైసలతో ఈ ఏడాదే చెయ్యగలిగే పనులు చెప్పండి. నా మటుకు నేను రోడ్డు మీద అమ్ముకునేవాళ్ల నుంచి మొదలుపెట్టాలంటాను, ఎందుకంటే వాళ్ల చేతికొచ్చిన రూపాయి సాయంత్రానికల్లా మళ్లీ ఊళ్లోనే ఖర్చవుతుంది. ఒప్పుకోనివాళ్లు గట్టిగా చెప్పండి, అందుకే అడుగుతున్నా.

దివిటిపల్లి యువకుడు

అన్నా, నేను ఒప్పుకోను. తోపుడు బండ్ల గురించే మాట్లాడుకుంటూ కూర్చుంటే ఊరు ఎప్పుడు ఎదుగుతుంది? మా దగ్గర అమరరాజా బ్యాటరీల ఫ్యాక్టరీకి 2023 మే నెలలో శంకుస్థాపన అయింది, పదేళ్లలో 9,500 కోట్ల పెట్టుబడి అని ప్రకటించారు. ఐటీ టవర్ కూడా ఆ నెలలోనే మొదలైంది. హైవే పక్కనే ఉంది, రైల్వే లైను ఉంది. పాలమూరు అంటే వలస కూలీల జిల్లా అన్న పేరు పోవాలంటే పెద్ద కంపెనీలే దిక్కు. మా తాత గుంపు మేస్త్రీ వెంట బొంబాయి పోయిండు, మా నాన్న పుణె పోయిండు, నేను ఇక్కడే ఉండి డ్యూటీ చేసుకోవాలనుకుంటున్నా. వినతిపత్రంలో ఒక్కటే అడగండి, ఇక్కడ వచ్చే కంపెనీల్లో మన పిల్లలకు ఉద్యోగాలు.

రిటైర్డ్ బిల్ కలెక్టర్

తమ్మీ, నీ ఆశ న్యాయమైనదే. కానీ ఆ కంపెనీ ఎవరిని తీసుకోవాలో చెప్పే అధికారం కార్పొరేషన్‌కు లేదు, అది రాష్ట్ర ప్రభుత్వం, కంపెనీ మాట్లాడుకునే విషయం. మన వినతిపత్రం కమిషనర్‌కు కాబట్టి ఆయన చేతిలో ఏముందో ముందు చూద్దాం.

నేను పనిచేసింది వేరే జిల్లాలో, అయినా లెక్క అన్నిచోట్లా ఒకటే. మున్సిపాలిటీకి సొంతంగా వచ్చేది ఇంటి పన్ను, నల్లా బిల్లు, ట్రేడ్ లైసెన్సు, ఇళ్ల పర్మిషన్ ఫీజులు, మున్సిపల్ దుకాణాల కిరాయి. వీటి మీద పైనుంచి వచ్చే గ్రాంట్లు. 15వ ఆర్థిక సంఘం నిధుల్లో మన లాంటి పట్టణాలకు 60 శాతం తాగునీరు, పారిశుద్ధ్యానికే వాడాలని కట్టడి ఉండేది, మిగతా 40 శాతం స్థానిక అవసరాలకు, అది కూడా జీతాలకు వాడొద్దు. 2019 మున్సిపల్ చట్టం ప్రకారం బడ్జెట్‌లో 10 శాతం పచ్చదనానికి పక్కన పెట్టాలి. ఇవన్నీ పోను ఊరి వ్యాపారం కోసం ఖర్చు పెట్టేందుకు చేతిలో మిగిలేది తక్కువే. అందుకే ఎక్కువ పైసలు అడిగే పని కాదు, ఉన్న నిబంధనను అమలు చేయించే పని అడగండి. ఫైలు త్వరగా కదులుతుంది.

ఇంకో ముఖ్యమైన సంగతి. పారిశ్రామికవాడలు టీజీఐఐసీ (రాష్ట్ర పారిశ్రామిక మౌలిక వసతుల సంస్థ) కింద ఐలా (పారిశ్రామికవాడ స్థానిక పాలన సంస్థ) పరిధిలో ఉంటే అక్కడి ఆస్తిపన్ను ఐలానే వసూలు చేస్తుంది, స్థానిక సంస్థకు అందులో 35 శాతం మాత్రమే వస్తుంది. కాబట్టి "దివిటిపల్లి కలిసింది, ఇక కార్పొరేషన్‌కు డబ్బే డబ్బు" అని లెక్కలు వేసుకునే ముందు అక్కడ ఏ స్థలం ఎవరి పరిధిలో ఉందో, వాటా ఎంతో రాతపూర్వకంగా అడగండి. వినతిపత్రంలో మొదటి ప్రశ్న ఇదే పెట్టండి.

పాలమూరు బిడ్డ

సార్, ఈ 35 శాతం సంగతి చాలామందికి తెలియదు. రాసుకున్నా. ఆ వాటా వచ్చినప్పుడు అందులో కొంత మార్కెట్ల కోసమే కేటాయించాలని కూడా అడుగుదాం.

క్లాక్‌టవర్ కిరాణం

షాపులవాళ్ల బాధ ఎవరూ మాట్లాడరు కాబట్టి నేను మాట్లాడతా. ట్రేడ్ లైసెన్సు కడతాం, షాపు కిరాయి కడతాం, కరెంటు కమర్షియల్ రేటులో కడతాం, జీఎస్టీ ఉండనే ఉంది. షట్టర్ ముందు బండి పెట్టుకుంటే ఆయనకు ఇవేవీ లేవు. కస్టమర్ స్కూటర్ పెట్టే జాగా ఉండదు, రెండు రౌండ్లు తిరిగి వెళ్లిపోతాడు. బండ్లవాళ్లు బతకొద్దని నేను అనను. మా షాపు ముందు మిర్చి బజ్జీల బండి ఉంది, ఆ బండి ఉన్నప్పుడే మాకు సాయంత్రం గిరాకీ బాగుంటుంది, పండక్కి ఊరికి పోతే మాకూ పలచగా ఉంటుంది, అది కళ్లతో చూస్తున్నదే. నేననేది ఒక లెక్క ఉండాలి అని. ఎక్కడ బండి, ఎక్కడ పార్కింగ్, ఎక్కడ నడిచేదారి, గీత గీసి చెప్పండి. గీత లేకపోతే రోజూ మాకూ వాళ్లకూ కొట్లాటే.

రెండోది రోడ్ల తవ్వకాలు. నేను ముందు వేరే ఊళ్లో షాపు నడిపినా, ఊరి పేరు వద్దు. సరిగ్గా శ్రావణమాసం మొదలవుతుందనగా డ్రైనేజీ కోసం బజారంతా తవ్వి పెట్టారు, దీపావళి దాకా పూడ్చలేదు. పెళ్లిళ్లు, బతుకమ్మ, దసరా, అన్నీ మట్టి కుప్పల మీదనే పోయినయి. నా పక్కన చెప్పుల షాపాయన ఆ ఏడు మూసేసి వెళ్లిపోయిండు. బజారులో పని చేస్తే ఎండాకాలంలో పెళ్లిళ్ల ముహూర్తాలు లేని వారాలు చూసి చెయ్యాలి, ఒక వైపు పూర్తయ్యాకే రెండో వైపు తవ్వాలి. దీనికి పైసా ఖర్చు లేదు, ఏప్రిల్‌లో వ్యాపారులను కూర్చోబెట్టుకొని క్యాలెండర్ వేస్తే చాలు.

పూలమ్మ కొడుకు

కిరాణం అన్న చెప్పిన గీత గురించి నాకు తెలిసింది చెప్తా. మాది ఇదే ఉమ్మడి జిల్లాలో ఒక మున్సిపాలిటీ. మా అమ్మ బస్టాండు గేటు పక్కన పూలు అమ్మేది. మల్లె, కనకాంబరం, చామంతి, తెల్లవారకముందే మార్కెట్‌లో తెచ్చుకొని గోనె పట్టా పరిచి, తడి గుడ్డ కప్పి, మూర కొలిచి ఇచ్చేది. బస్సు దిగినవాళ్లు గుడికి పోతూ కొనేవాళ్లు. కొన్నాళ్లకు ఊరి చివర రేకుల షెడ్డు వేసి సిమెంటు గద్దెలు కట్టి అందరినీ అక్కడికి పొమ్మన్నారు. గద్దెలు మంచిగనే ఉన్నయి, నంబర్లు కూడా వేసిండ్రు. కానీ అక్కడికి కొనేటోళ్లు ఎవరూ రాలేదు. పూలు సాయంత్రానికి వాడిపోతే మర్నాడు పెట్టుబడి ఉండదు. అమ్మతో పాటు పోయినవాళ్లందరూ ఒక్కొక్కరుగా మళ్లీ రోడ్డు మీదికే వచ్చిండ్రు, మళ్లీ తరిమిండ్రు, ఒకసారి తక్కెడ కూడా గుంజుకపోయిండ్రు.

తర్వాత చదువుకుంటే తెలిసింది ఏంటంటే 2014 వీధి వ్యాపారుల చట్టం ఇవన్నీ ముందే చెప్పింది. సర్వే చేసి, గుర్తింపు పత్రాలు ఇచ్చేదాకా ఎవరినీ ఖాళీ చేయించకూడదు. తరలించాలంటే 30 రోజుల ముందు నోటీసు ఇవ్వాలి. సరుకు పట్టుకపోతే జాబితా రాసి ఇవ్వాలి, పాడయ్యే సరుకైతే అడిగిన రోజే వాపసు ఇవ్వాలి, మిగతాది రెండు పనిదినాల్లో. అన్నిటికంటే పెద్ద విషయం, జనం సహజంగా కొనుక్కునే చోట పుట్టిన బజారును లెక్కలోకి తీసుకొనే జోన్లు పెట్టాలి. ఇవన్నీ మాకు ఆ రోజు ఎవరూ చెప్పలే.

దివిటిపల్లి యువకుడు

అన్నా, అమ్మ సంగతి చదివి బాధ అనిపించింది. మరి ఆ జోన్ ఎక్కడ ఉండాలో ఎవరు నిర్ణయిస్తారు, ఆఫీసర్లేనా?

పూలమ్మ కొడుకు

టౌన్ వెండింగ్ కమిటీ అని ఉంటుంది తమ్మీ. కమిషనర్ అధ్యక్షుడు. సభ్యుల్లో కనీసం 40 శాతం వీధి వ్యాపారులే, వాళ్లను వ్యాపారులే ఓటు వేసి ఎన్నుకోవాలి, అందులో మూడో వంతు ఆడవాళ్లు. పోలీసు, ట్రాఫిక్, స్థానిక వ్యాపారుల సంఘం వాళ్లూ ఉంటారు, అంటే కిరాణం అన్న లాంటివాళ్లకు కూడా అక్కడ కుర్చీ ఉంది. జనాభాలో రెండున్నర శాతం దాకా వీధి వ్యాపారులకు చోటు చూపించేలా ప్లాన్ ఉండాలని చట్టం. వినతిపత్రంలో మన కమిటీ చివరిసారి ఎప్పుడు కూర్చుంది, ఏం తీర్మానం చేసింది, మినిట్స్ కాపీ ఇవ్వండి అని అడగండి. మీటింగు జరగడమే మొదటి గెలుపు.

మెప్మా ఆర్పీ

అందరూ జాగా గురించి మాట్లాడారు, నేను పెట్టుబడి గురించి రాస్తా. మెప్మాలో, అంటే పట్టణ పేదరిక నిర్మూలన సంస్థలో, మహిళా సంఘాలను చూసుకునే ఆర్పీని. మా గ్రూపుల్లో కూరగాయలు, పండ్లు, గాజులు, టిఫిన్ బండి పెట్టుకున్న అక్కలు చాలామంది ఉన్నారు. పొద్దున సరుకు తేవాలంటే వాళ్లకు దిక్కు గిరిగిరి, అంటే రోజూ వసూలు చేసే ఫైనాన్స్. పది వేలు రాసుకుంటారు, చేతికి తొమ్మిది వేలే ఇస్తారు, రోజుకు వంద చొప్పున వంద రోజులు కట్టాలి. చూడ్డానికి వెయ్యి రూపాయలే కదా అనిపిస్తుంది. కానీ రోజూ కడుతూ పోతే ఆమె చేతిలో సగటున ఉండేది నాలుగున్నర వేలు, దాని మీద వంద రోజులకు వెయ్యి, ఏడాదికి లెక్క కడితే 80 శాతం వడ్డీ. ఎండలో కూర్చొని అమ్మిన లాభం సాయంత్రం బండి మీద వచ్చే ఫైనాన్స్ పిల్లగాడికి పోతోంది. అందులో ఎంత ఊళ్లో ఉంటుందో ఎవరికి తెలుసు.

వీధి వ్యాపారులకు కేంద్రం అప్పు ఇప్పించే పీఎం స్వనిధి పథకం ఉంది, 2020 జూన్‌లో మొదలైంది. ఇప్పుడు మార్చిన లెక్క ప్రకారం మొదటి విడత 15,000, సరిగ్గా కడితే రెండోది 25,000, తర్వాత 50,000. తనఖా అక్కర్లేదు, టైముకు కట్టినవాళ్లకు 7 శాతం వడ్డీ రాయితీ అకౌంట్‌లో పడుతుంది, పథకాన్ని 2030 మార్చి దాకా పొడిగించారు. సమస్య ఎక్కడంటే కార్పొరేషన్ గుర్తింపు కార్డో, సిఫారసు లేఖో కావాలి, అది దొరికినాక బ్యాంకు దగ్గర ఆగిపోతుంది. ఒక బ్యాంకులో మా అక్కకు సిబిల్‌లో, అంటే అప్పుల రికార్డులో, పాత బాకీ ఉందన్నారు. తీరా చూస్తే ఆమె భర్త తీసుకున్న సెల్‌ఫోన్ ఈఎంఐ, ఆమె పేరు మీద ఉంది. ఇలాంటివి విడివిడిగా తిరిగితే తేలవు. నెలకోసారి మార్కెట్‌లోనే టేబుల్ వేసి, బ్యాంకువాళ్లను, మా మెప్మావాళ్లను, కార్పొరేషన్ స్టాఫ్‌ను ఒక్కచోట కూర్చోబెట్టి అక్కడికక్కడే తేల్చాలి. మధ్యాహ్నం రెండు నుంచి నాలుగు మధ్య పెట్టాలి, అప్పుడే వాళ్లకు గిరాకీ పలచగా ఉంటుంది. పొద్దున పదింటికి ఆఫీసుకు రమ్మంటే ఆమె ఆ రోజు అమ్మకం పోగొట్టుకోవాలి.

క్లాక్‌టవర్ కిరాణం

గిరిగిరి మా బజారులో షాపులవాళ్లు కూడా తీసుకుంటారు అక్కా. అక్క చెప్పిన టేబుల్ పెడితే చిన్న షాపులకు కూడా పెట్టండి.

లెక్కల మనిషి

కన్సల్టెన్సీ నడుపుతా, వ్యాపారస్తుల రిటర్న్‌లు వేస్తా. ఒక్క మాట ఎవరూ ఎత్తలేదు. ఊళ్లో పెద్ద కొనుగోలుదారుల్లో కార్పొరేషన్ కూడా ఒకటి. చీపుర్లు, బ్లీచింగ్, వీధి దీపాలు, మొక్కల చుట్టూ జాలీలు, ఫ్లెక్సీలు, యూనిఫాంలు, మీటింగులకు భోజనాలు, అద్దె ట్రాక్టర్లు. అందులో ఎంత ఊళ్లోవాళ్ల దగ్గర కొంటున్నారు? కొన్నాక బిల్లు ఎన్నాళ్లకు వస్తోంది? మా క్లయింట్ ఒకాయన వెల్డింగ్ షాపు, ఏదో ఒక ప్రభుత్వ ఆఫీసుకు గేట్లు, గ్రిల్స్ చేసిచ్చి బిల్లు కోసం తిరిగి తిరిగి, చివరికి ఇనుము తెచ్చిన చోట అప్పు కట్టలేక ఇద్దరు పనివాళ్లను తీసేసిండు.

2006 ఎంఎస్ఎంఈ చట్టం ప్రకారం ఉద్యమ్ రిజిస్ట్రేషన్ (చిన్న పరిశ్రమల నమోదు) ఉన్న చిన్న తయారీదారుకు, సేవలు అందించేవాళ్లకు 45 రోజులు దాటకుండా డబ్బు కట్టాలి. దాటితే బ్యాంకు రేటుకు మూడింతల వడ్డీ, నెలనెలా చక్రవడ్డీ. ఫిర్యాదుకు ఫెసిలిటేషన్ కౌన్సిల్ ఉంది. కానీ చిన్నవాడు మళ్లీ పని దొరకదేమోనన్న టెన్షన్‌తో ఫిర్యాదు పెట్టడు. అందుకని కార్పొరేషనే ఎవరి బిల్లు ఏ తేదీన వచ్చింది, ఎప్పుడు కట్టాం అని నెలనెలా నోటీసు బోర్డు మీద పెట్టాలని అడగండి. పెద్ద కాంట్రాక్టర్ల కంటే ముందు లక్ష లోపు బిల్లులు క్లియర్ చెయ్యాలి. కొత్త పథకాలకు పెట్టే ఖర్చు కంటే ఉన్న బాకీ టైముకు తీరిస్తేనే ఎక్కువ మంది బతుకుతారని నా నమ్మకం.

మెప్మా ఆర్పీ

యూనిఫాం అన్నారు కాబట్టి చెప్తున్నా, 2024లో సర్కారు బడి పిల్లల యూనిఫాంలు మహిళా సంఘాలకే కుట్టించారు, కుట్టుకూలి జతకు 50 నుంచి 75 చేశారు. మిషన్ ఉన్న అక్కలకు ఆ వేసవి పని దొరికింది. పారిశుద్ధ్య కార్మికుల బట్టలు, ఆఫీసు ఫంక్షన్లకు టిఫిన్లు, గుడ్డ సంచులు, వీటన్నిటికీ ముందు ఊళ్లో సంఘాలను అడగాలి అని ఒక తీర్మానం చేస్తే చాలు. ఏడాదికి ఒక్క వేసవి పని సరిపోదు.

నల్గొండ నుంచి

నల్గొండ జిల్లావాణ్ని, చదివి ఊరుకోలేక రాస్తున్నా. మాకూ 2023లోనే ఐటీ టవర్ వచ్చింది. కానీ మా దగ్గర నిజంగా డబ్బు తిప్పేది బత్తాయి, వడ్లు. మిర్యాలగూడ చూడండి, మిల్లుల వెంట లారీలు, లారీల వెంట మెకానిక్‌లు, టైర్ల షాపులు, హోటళ్లు, గన్నీ సంచుల వ్యాపారం. పండింది ఊళ్లోనే ఇంకో రూపం మారితే ఇంతమంది బతుకుతారు. మా బత్తాయి మాత్రం కాయగానే లారీ ఎక్కి ఢిల్లీ, కోల్‌కతా పోతుంది, జ్యూస్ అక్కడివాళ్లు తీసి అమ్ముకుంటారు. ఆ బాధ మాకుంది.

మీ పాలమూరుకు సీతాఫలం ఉంది. దేశమంతా తోటలు వేసే బాలానగర్ రకం పేరు మీ బాలానగర్‌దే. కానీ సీజన్‌లో హైవే పక్కన గంపలు పెట్టుకొని అమ్ముకోవడమే కనిపిస్తుంది. పండు రెండు మూడు రోజులకు మించి ఆగదు, సాయంత్రానికి ఎంతకైనా ఇచ్చేయాల్సిందే. గుజ్జు తీసి ఫ్రీజ్ చేస్తే ఐస్‌క్రీమ్‌వాళ్లు ఏడాది పొడుగునా కొంటారు. పండించేది పల్లెల్లో, నిజమే, కానీ గుజ్జు తీసే చోటు, ఫ్రీజర్, కరెంటు, నీళ్లు పట్టణంలో కార్పొరేషన్ ఇవ్వొచ్చు. ఖాళీగా ఉన్న మున్సిపల్ షెడ్డు ఒకటి సంఘాలకు నామమాత్రపు కిరాయికి ఇస్తే చాలు. పల్లీ కూడా అంతే, మీ దగ్గర యాసంగి పల్లీకి పేరుంది, పట్టీ మాత్రం బయటి బ్రాండ్‌ది కొంటున్నారు.

దివిటిపల్లి యువకుడు

ఇది నాకు నచ్చింది. నేను అడిగింది కూడా ఇట్లాంటిదే, చిన్నదైనా ఊళ్లో తయారవ్వాలి. కంపెనీల గురించి మాత్రం ఒక పాయింట్ పెట్టండి అన్నా. ఉద్యోగం ఇప్పించమని కాదు. పొద్దున షిఫ్టుకు పోయేందుకు ఊళ్లోంచి దివిటిపల్లికి బస్సులు, రోడ్డు మీద లైట్లు, ఆడపిల్లలకు వర్కింగ్ హాస్టల్. ఇవి లేకపోతే ఉద్యోగం వచ్చినవాళ్లు కూడా ఇక్కడ ఉండరు, జీతం తీసుకొని శంషాబాద్ దాటి పోతారు, అక్కడే ఖర్చు పెడతారు.

పాలమూరు బిడ్డ

రాసుకున్నా తమ్మీ, లైట్లు, హాస్టల్ కార్పొరేషన్ చేతిలో ఉన్నవే. బస్సుకు ఆర్టీసీ డిపోకు వేరే లెటర్ ఇద్దాం.

హైదరాబాద్‌లో ఉంటున్నా

పుట్టింది మెట్టుగడ్డ, ఉండేది కూకట్‌పల్లి. ఆఫీసు స్నేహితులను పిల్లలమర్రికి తీసుకొస్తుంటా. మూడెకరాలకు పైగా పరుచుకున్న మర్రి చెట్టు, వయసు ఏడు వందల ఏళ్లంటారు, 2018లో చెదలు పట్టి కూలిపోతుంటే సెలైన్ సీసాలతో మందు ఎక్కించి బతికించారు, 2025 మేలో మిస్ వరల్డ్ పోటీదారులు కూడా వచ్చి చూసి పోయారు. మా వాళ్లందరూ చూస్తారు, ఫొటోలు దిగుతారు, కారెక్కి మళ్లీ హైవే మీది హోటల్‌లో తింటారు. ఊళ్లో ఒక్క రూపాయి ఖర్చు కాదు. ఊరు నాలుగైదు కిలోమీటర్లే. అక్కడే మహిళా సంఘాలు జొన్నరొట్టె, నాటుకోడి పెట్టే క్యాంటీన్, నారాయణపేట, గద్వాల చీరల స్టాలు, మన గొంగళ్లు పెడితే కొనకుండా పోరు. గద్వాల చీర కొనాలని అడిగినవాళ్లను నేను మళ్లీ హైదరాబాద్ షోరూంకే తీసుకుపోవాల్సి వస్తోంది, మనసుకు కష్టంగా ఉంటుంది.

కురుమూర్తి జాతర అప్పుడు కూడా వేలల్లో జనం మన ఊరి మీదుగానే పోతారు. ఆ రోజుల్లో రాత్రి పదకొండు దాకా బజారు తెరిచి ఉంచి, పోలీసులు, చెత్త బండ్లు, లైట్లు చూసుకుంటే అదే ఒక సీజన్.

రిటైర్డ్ బిల్ కలెక్టర్

పిల్లలమర్రి అటవీశాఖ, పురావస్తుశాఖ, టూరిజం అందరి చేతుల్లో ఉండే వ్యవహారం, కలెక్టర్ కాపీలో రాయండి, కమిషనర్ కాపీలో వద్దు. ఎవరి పని వాళ్లకు రాస్తేనే జవాబు వస్తుంది, లేకపోతే "మా పరిధి కాదు" అని ఒక్క ముక్కలో తిప్పి పంపుతారు.

మున్సిపల్ దుకాణాల గురించి కూడా అడగాలి. చాలా ఊళ్లలో పాతికేళ్ల కింద వేలం పాడినాయన నెలకు కొన్ని వందలు కార్పొరేషన్‌కు కట్టి, తను మాత్రం వేరేవాళ్లకు వేలల్లో కిరాయికి ఇస్తాడు. మన దగ్గర ఎన్ని దుకాణాలు, ఎవరి పేరు మీద, ఎంత కిరాయి, లీజు ఎప్పుడు తీరుతుంది అనే జాబితా సమాచార హక్కు కింద అడగండి. నిజంగా లోపల కూర్చొని వ్యాపారం చేసేవాడి పేరు మీదికి మార్చి, మార్కెట్ రేటుకు కొంచెం తక్కువ కిరాయి పెడితే కార్పొరేషన్‌కూ ఆదాయం పెరుగుతుంది, వ్యాపారికీ మధ్యవాడి బరువు తప్పుతుంది. ఇది మాత్రం అంత తేలిక కాదు, కోర్టుకు పోతారు, రాజకీయ ఒత్తిళ్లు వస్తాయి. అయినా జాబితా బయటికి వస్తేనే మాట్లాడటానికి ఆధారం ఉంటుంది.

పాలమూరు బిడ్డ

అందరికీ చాలా థ్యాంక్స్. డ్రాఫ్ట్‌లో పెట్టినవి: ఐలా వాటా వివరాలు, వెండింగ్ కమిటీ మీటింగు, సహజంగా బజారు ఉన్న చోటే జోన్లు, మార్కెట్‌లో నెలవారీ స్వనిధి టేబుల్, లక్ష లోపు బిల్లులు ముందు కట్టి నోటీసు బోర్డు మీద పెట్టడం, సంఘాల దగ్గర కొనాలనే తీర్మానం, ఖాళీ షెడ్డులో గుజ్జు యూనిట్, రోడ్డు పనుల క్యాలెండర్, దుకాణాల జాబితా, దివిటిపల్లి రోడ్డుకు లైట్లు, ఆడపిల్లలకు హాస్టల్. పిల్లలమర్రి, జాతర కలెక్టర్ కాపీలో. వచ్చే సోమవారం ప్రజావాణికి పొద్దున పదిన్నరకు కలెక్టరేట్ గేటు దగ్గర కలుద్దాం, కిరాణం అన్న, ఆర్పీ అక్క తప్పకుండా రావాలి, షాపులవాళ్లు, బండ్లవాళ్లు ఇద్దరూ ఒకే కాగితం మీద సంతకం పెడితే దాని విలువ వేరు.

పూలమ్మ కొడుకు

మా అమ్మకు చదివి వినిపించినా. ఒకటి మర్చిపోయిండ్రు అంటోంది. మార్కెట్‌లో ఆడోళ్లకు టాయిలెట్. పొద్దున నాలుగింటికి వచ్చి రాత్రి దాకా కూర్చుంటారు, బయటికి పోవాల్సి వస్తుందని నీళ్లు తాగకుండా ఉంటారు. అన్నిటికంటే పైన రాయమంటోంది.

క్లాక్‌టవర్ కిరాణం

మా బజారులో పనిచేసే ఆడపిల్లలకు కూడా అదే సమస్య. పైన రాయండి. సోమవారం నేను వస్తా, మా లైన్‌లో సంతకాలు రేపటి నుంచి మొదలుపెడతా.

పాలమూరు బిడ్డ

మొదటి పాయింట్‌గా పెట్టిన. తాళం ఎవరి దగ్గర ఉండాలి, రోజూ ఎవరు కడగాలి అనేది కూడా రాస్తున్నా, కట్టి తాళం వేసి పెడితే లాభం లేదు. ఆర్పీ అక్కా, ఆ బాధ్యత ఒక సంఘానికి ఇచ్చి నెలజీతం ఇవ్వాలని అడగొచ్చా?

మెప్మా ఆర్పీ

అడగొచ్చు. రెండు సంఘాల పేర్లు రేపు పంపిస్తా.